లాకర్‌లో పెట్టాలా, బీరువాలోనే ఉంచాలా? నల్లగొండలో 18 తులాల పంచాయితీ

రామగిరి_కుర్రాడు:
అందరికీ నమస్తే. మా వాడకట్టులో నెల రోజుల్లో రెండు ఇళ్లల్లో దొంగలు పడ్డారు. రెండూ తాళం వేసిన ఇళ్లే. ఒకరు చెర్వుగట్టుకు పోయి రాత్రి గుట్ట మీద నిద్ర చేసి వచ్చేసరికి బీరువా తలుపు వంగిపోయి ఉంది. అప్పటి నుంచి మా అమ్మకు నిద్ర లేదు, నాకు టెన్షన్. ఇంట్లో మొత్తం 18 తులాలు ఉంది, అమ్మది పదకొండు, మా ఆవిడది ఏడు. రెండేళ్లుగా లాకర్ ఖాళీ లేదన్న బ్యాంకు వాళ్లు మొన్న ఫోన్ చేసి చిన్నది ఒకటి ఉంది తీసుకుంటారా అన్నారు. ఏడాదికి 2,000, పైన జీఎస్టీ. నా ఒక్కడి పేరు మీదే తీసుకుందామనుకుంటున్నా, ఆడవాళ్లను బ్యాంకు చుట్టూ తిప్పడం దేనికని. కానీ లాకర్‌లో సొమ్ము పోతే బ్యాంకుకు ఏ బాధ్యతా ఉండదని మా మేనమామ అంటున్నాడు. నిజమేనా?

పాలమూరు_మామ:
మీ మేనమామను నా తరఫున కూడా మెచ్చుకో తమ్మీ. లాకర్ అంటే పైసలిచ్చి మన సొమ్మును మనకే కనపడకుండా చేసుకోవడం. వరంగల్ జిల్లా రాయపర్తిలో 2024 నవంబరులో ఏమైంది? రాత్రికి రాత్రి బ్యాంకులో పడి దాదాపు 19 కిలోల బంగారం ఎత్తుకుపోయారు. ఇళ్లల్లో పడే దొంగకు దొరికేది పది తులాలు, బ్యాంకులో పడితే ఊరంతటిదీ ఒక్కచోటే దొరుకుతుంది. నేనైతే మూడు వందల కిలోల తిజోరీ కొనుక్కుని గోడకు సిమెంటు చేయించుకున్నా. పక్కనే నా మంచం.

దేవరకొండ_శీను:
మామ మంచం కూడా సిమెంటు చేయించాడా 😀

రిటైర్డ్_క్యాషియర్:
మిర్యాలగూడలో, చుట్టుపక్కల బ్రాంచీల్లో 31 ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. తప్పుడు మాట పాకుతుంటే చూస్తూ ఊరుకోలేను. బాధ్యత లేదు అన్నది పాత సంగతి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో (కోల్‌కతా ఖాతాదారు, కిరాయి కట్టినా బ్యాంకు పొరపాటున ఆయన లాకర్ పగలగొట్టింది) బ్యాంకులు చేతులు దులుపుకుంటే కుదరదని చెప్పి, ఆరు నెలల్లో నిబంధనలు తెమ్మని రిజర్వు బ్యాంకును ఆదేశించింది. అవి ఆగస్టులో వచ్చాయి, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, సిబ్బంది మోసం, వీటిలో ఏది జరిగినా ఏడాది కిరాయికి 100 రెట్ల దాకా బ్యాంకు ఇవ్వాలి. వరద, భూకంపం, పిడుగు లాంటివైతే ఇవ్వదు. మన తప్పు వల్ల పోయినా ఇవ్వదు.
ఇక రాయపర్తిలో పోయింది లాకర్ల బంగారం కాదండీ, జనం అప్పు కోసం కుదువ పెట్టినది. రెంటికీ చాలా తేడా ఉంది.

జడ్చర్ల_లెక్కలు:
2,000 ఇంటూ 100, రెండు లక్షలు. తులం లక్ష దాటి చాన్నాళ్లయింది, 18 తులాలంటే 18 లక్షల పైమాటే. అంటే పోతే తొమ్మిదో వంతు కూడా రాదు. దీన్ని బాధ్యత అంటారా సార్?

రిటైర్డ్_క్యాషియర్:
సున్నా కంటే రెండు లక్షలు ఎక్కువే కదండీ. మిగతాదానికి ఇన్సూరెన్సు చేయించుకోవచ్చు. ఇంటి పాలసీలో నగలు చేర్పించేవాళ్లు ఉన్నారు, లాకర్‌లో నగలకు కూడా పాలసీలు ఇస్తున్నారు. వాల్యుయేషన్ సర్టిఫికెట్ అడుగుతారు.

పాలమూరు_మామ:
క్యాషియర్ సార్, మీ నోటితోనే అసలు మాట వచ్చింది. కుదువ పెట్టిన బంగారానికి తూకం ఉంది, రసీదు ఉంది, పోతే బ్యాంకు లెక్క చెప్పాలి. మరి లాకర్‌లో పెట్టినదాన్ని ఎందుకు రాసుకోరు? ఒక్క కాగితం మీద ఇన్ని తులాలు, ఇన్ని నగలు అని రాసి రెండు సంతకాలు పెడితే ఏం పోతుంది? దీనికి జవాబు చెప్పండి చాలు. 100 రెట్లు, 200 రెట్లు నాకొద్దు.

రిటైర్డ్_క్యాషియర్:
గది కిరాయికిచ్చిన ఇంటాయన మీ సామాన్లు లెక్కపెట్టుకుంటాడా? లాకరూ అంతే. లోపల ఏముందో బ్యాంకు చూడదు, చూడకూడదు కూడా. మా చేతిలో ఉండేది మాస్టర్ తాళంచెవి, అది ఒక్కటే తిప్పితే తెరుచుకోదు, మీది కూడా తిప్పాలి. మాది తిప్పి మేం పక్కకు వచ్చేస్తాం.

పాలమూరు_మామ:
కిరాయి ఇల్లు అంటున్నారు. కిరాయి ఇంట్లో దొంగలు పడకుండా ఇంటాయన కాపలా ఉంటాడని పైసలు కడతామా? ఇక్కడ కట్టేదే కాపలా కోసం. ఎందుకు రాసుకోరు అన్నదానికి జవాబు రాలేదు.

దేవరకొండ_శీను:
అయితే ఒక ఐడియా. 18 తులాలూ కుదువ పెట్టి పది వేలు అప్పు తీసుకుంటే సరి. తూకం వేస్తారు, రసీదు ఇస్తారు, వాళ్ల సేఫ్‌లోనే ఉంటుంది. మా చిన్నాయన అట్లనే చేస్తాడు, జోక్ కాదు.

రిటైర్డ్_క్యాషియర్:
అట్లా చేసేవాళ్లను నేనూ చూశా శీనూ. ఏడాది గడువు దాటితే మర్చిపోవద్దని మీ చిన్నాయనకు చెప్పు. నోటీసు వచ్చినప్పుడు ఊళ్లో లేకపోతే వేలం దాకా పోతుంది.

నల్లగొండ_టీచరమ్మ:
నేను 1997 నుంచి లాకర్ వాడుతున్నా. ఒక్క గుండు కూడా పోలేదు. కుర్రాడూ, భయపడకు, తీసుకో. కాకపోతే పెట్టి మర్చిపోవద్దు.
నేను ఏటా దసరాకు ముందు ఒకసారి పోతా. రిజిస్టర్‌లో సంతకం, టైము, తర్వాత ఆ ఇనుప తలుపు దాటి లోపలికి పోతే ఒక్కసారిగా చల్లగా ఉంటుంది, ట్యూబులైటు జుయ్యిమని మోగుతుంటుంది. నా పెట్టె అడుగు వరుసలో ఉంది, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోవడమే కష్టం. పాత హార్లిక్స్ డబ్బాలో గాజులు, కాటన్ గుడ్డలో చుట్టిన మా అమ్మ గుండ్ల దండ, పైన నా చేత్తో రాసిన జాబితా. తీసిన ప్రతిసారీ జాబితాతో సరిచూసుకుని కింద తారీఖు వేస్తా. జిరాక్స్ ఇంట్లో ఉంటుంది, నగల ఫొటోలు ఫోన్‌లో ఉన్నాయి. పాలమూరాయన అడిగే కాగితం బ్యాంకు రాయకపోతే మనం రాసుకోలేమా?
ఇప్పుడు లాకర్ తెరిస్తే అదే రోజు ఫోన్‌కు మెసేజ్ కూడా వస్తుంది. 2023లో కొత్త అగ్రిమెంటు కోసం స్టాంపు కాగితాలు పట్టుకుని మూడుసార్లు తిరిగానన్న మాట నిజమే, అప్పుడు మాత్రం మూసేద్దామా అనిపించింది.

జడ్చర్ల_లెక్కలు:
లక్నోలో 2024 డిసెంబరులో బ్యాంకు గోడకు కన్నం వేసి 42 లాకర్లు పగలగొట్టారు. మీ చేత్తో మీరే రాసుకున్న జాబితా అక్కడ ఎవరైనా ఒప్పుకుంటారా టీచరమ్మా?

నల్లగొండ_టీచరమ్మ:
బిల్లులున్నాయి, ఫొటోలున్నాయి, మా అమ్మాయి పెళ్లి ఆల్బమ్ ఉంది. నీ బీరువాలోది పోతే పోలీసులకు నువ్వు చూపించేదీ అవే కదా బాబూ. ఇంట్లో పోతే ఆ రెండు లక్షలు కూడా ఎవడూ ఇవ్వడు.

కల్వకుర్తి_నర్సింహ:
మొరాదాబాద్‌లో 2023లో ఒకామె బిడ్డ పెళ్లికని లాకర్‌లో దాచిన 18 లక్షల నోట్లు చెదలు తినేశాయి. అది కూడా చెప్పండి.

రిటైర్డ్_క్యాషియర్:
లాకర్‌లో నోట్లు పెట్టకూడదని అగ్రిమెంటులోనే ఉంటుంది నర్సింహా. బంగారాన్ని చెదలు తినవు.
కుర్రాడూ, ఇంకో రెండు మాటలు. మూడేళ్లు వరుసగా కిరాయి కట్టకపోతే లాకర్ పగలగొట్టే హక్కు బ్యాంకుకు ఉంది. కిరాయి కడుతూనే ఉన్నా, ఏడేళ్లు తెరవకుండా వదిలేసి, మీ జాడ కూడా దొరక్కపోతే అప్పుడూ తెరుస్తారు. తాళంచెవి పోగొడితే తాళం పగలగొట్టించి మార్పించే ఖర్చు మీదే. నామినీ తప్పకుండా రాయించు.

పాలమూరు_మామ:
ఇన్ని రూల్సు మనకు. వాళ్లకు ఒక్క కాగితం మీద రాసుకోవడానికి మాత్రం చేతులు రావు.

నల్లగొండ_టీచరమ్మ:
అయ్యా, ఒకటే మాట ఎన్నిసార్లు తిప్పుతారు? మా చిన్నపిల్లలైనా రెండోసారికి పాఠం మార్చేవాళ్లు.

పాలమూరు_మామ:
తిప్పుతా మేడం. పోగొట్టుకున్నవాడికి తెలుస్తుంది. మా నాయన పోయిన పదకొండో రోజు దాటాక లాకర్ తెరిస్తే ముప్పై తులాలు ఉండాల్సిన చోట రెండు వెండి గ్లాసులు, అమ్మ మెట్టెలు ఉన్నాయి. మేనేజర్‌ను అడిగితే లోపల ఏముండెనో మాకేం తెలుసు అన్నాడు. ఎవని జేబులోకి పోయింది? రాసుకుని ఉంటే తెలిసేది కాదా?

రిటైర్డ్_క్యాషియర్:
బాధగా ఉంది సార్. ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. లాకర్ ఎవరెవరి పేరు మీద ఉండేది? ఎప్పుడెప్పుడు తెరిచారో రిజిస్టర్ చూశారా?

వనపర్తి_లత:
ఇంతసేపూ చదువుతున్నా. వంద రెట్లు, కన్నం, చెదలు అన్నీ అయ్యాయి. మొదటి పోస్టులో ఒక లైను ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. "నా ఒక్కడి పేరు మీదే తీసుకుందామనుకుంటున్నా" అట. పదకొండు తులాలు అమ్మవి, ఏడు భార్యవి, పేరు మాత్రం కొడుకుది.
నా తొమ్మిది తులాలు ఎనిమిదేళ్లుగా లాకర్‌లో చాలా భద్రంగా ఉన్నాయి. ఏ దొంగా ముట్టలేదు. నేనూ ముట్టలేదు. లాకర్ అత్తమ్మ, మా ఆయన పేర్ల మీద ఉంది. మా తమ్ముడి పెళ్లికి హారం అడిగితే "ఇయ్యాల బ్యాంకు సెలవు" అన్నారు. ఆ రోజు సెలవు కాదు. రోల్డ్‌గోల్డ్ వేసుకుని పోయి అమ్మ ముందు నవ్వుతూ నిలబడ్డా.

కల్వకుర్తి_నర్సింహ:
లతక్కా, ఇంటి సంగతులు అందరి ముందు ఎందుకు. ఇక్కడ బ్యాంకు గురించి మాట్లాడుతున్నారు.

వనపర్తి_లత:
నేనూ బ్యాంకు గురించే మాట్లాడుతున్నా తమ్ముడూ. నా నగలు నాకు ఇవ్వడానికి బ్యాంకుకు రూల్ లేదు, ఎందుకంటే ఆ బ్యాంకులో నేను ఎవరినీ కాను.

పాలమూరు_మామ:
ఇంటి పెద్ద దగ్గర ఉంటే తప్పేంది? కోడళ్ల చేతిలో పెడితే పుట్టింటికి పోవని ఏం నమ్మకం?

నల్లగొండ_టీచరమ్మ:
పోనీయండి! ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఆమె పుట్టింటికే పోతే మీకేం పోయింది? అది స్త్రీధనం, మొగుడిది కాదు, అత్తది అసలే కాదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కేరళ కేసులో చెప్పింది, పెళ్లయిన మొదటి రాత్రే భద్రం చేస్తానని నగలు తీసుకుని తల్లి చేతికిచ్చిన మొగుడు భార్యకు 25 లక్షలు కట్టాలని. అక్కడా మాట అదే, భద్రం. నా లాకర్ 1997లో నా జీతంతో నా పేరు మీద తీసుకున్నప్పుడు మా ఇంట్లో ఆరు నెలలు నాతో మాటల్లేవు. అందుకే ఒక్క గుండు కూడా పోలేదు.

దేవరకొండ_శీను:
🙏 టీచరమ్మా

రిటైర్డ్_క్యాషియర్:
పాలమూరు సార్, నేనడిగింది అట్లే ఉంది.

పాలమూరు_మామ:
నాయన పేరు, మా అన్న పేరు. ఇద్దరిలో ఎవరైనా తెరవొచ్చని రాయించుకున్నారు. నాయన మంచాన పడ్డ ఎనిమిది నెలల్లో మూడుసార్లు తెరిచినట్టు రిజిస్టర్‌లో ఉంది. మూడు సంతకాలూ అన్నవే. చాలా?

రిటైర్డ్_క్యాషియర్:
అయితే బ్యాంకును ఎందుకు తిడుతున్నారు సార్.

పాలమూరు_మామ:
అన్నను తిడితే అమ్మ బతికి ఉంది కదా, వింటది. బ్యాంకును తిడితే ఎవరూ బాధపడరు.

(చాలాసేపటికి)

పాలమూరు_మామ:
లతమ్మా, కోడళ్ల గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. రాసుకోవాలన్న మాట మాత్రం తీసుకోను.

వనపర్తి_లత:
సరే అన్నా. రాసుకోవాలన్నది నేనూ ఒప్పుకుంటా. నావి తొమ్మిది తులాలైతే, వాళ్లింట్లో ఇప్పుడు ఏడున్నర అంటున్నారు.

రామగిరి_కుర్రాడు:
రెండు రోజులు డ్యూటీలో ఉండి రాలేకపోయా, వచ్చి చూస్తే ఇంత పంచాయితీ. మా ఆవిడ కూడా నా ఫోన్‌లో మొత్తం చదివింది, నాకంటే ముందు. నిన్న పొద్దున అన్నం పెట్టలేదు, ఫామ్ మాత్రం ముందు పెట్టింది. జాయింటుగా తీసుకుంటున్నాం, ఎవరైనా తెరవొచ్చని. ఆమె ఏడు తులాల జాబితా ఆమే రాసింది, ముక్కుపుడక కూడా వదల్లేదు, కింద నా సంతకం పెట్టించుకుంది. నామినీగా అమ్మ.
అమ్మ మాత్రం లాకర్‌కు ఒప్పుకోలేదు. నా పదకొండు తులాలు నా కళ్ల ముందే ఉండాలి, చచ్చేదాకా బియ్యం డబ్బాలోనే ఉంటాయి అంటోంది.

పాలమూరు_మామ:
అరే తమ్మీ, ఆ బియ్యం డబ్బా లైను తీసెయ్ ముందు! నీ ఐడీలోనే రామగిరి అని వాడ పేరు కూడా పెట్టుకున్నావు కదరా.

రామగిరి_కుర్రాడు:
అయ్యో మామా. ఎడిట్ ఎట్లా చేయాలి ఇందులో?