ఉప్పుగాలికి అంచు పాడైన వీసీడీలు: చివరి భాగం ఎలా చదివించాలి?

విశాఖలో, పెదవాల్తేరు దగ్గర ఉంటాను. పాత తెలుగు సినిమాల వీసీడీలను (వీడియో సీడీలను) హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిస్తున్నాను. కొన్నింటికి ఇంకో కాపీ దొరకడం లేదు, అందుకే వదలబుద్ధి కావడం లేదు.

50వ నిమిషం దాకా బాగానే వస్తుంది. ఆ తర్వాత బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది, మాట తెగుతుంది, చివరికి డ్రైవ్ ఆగిపోతుంది. సీడీని లోపలి నుంచి అంచు వైపు చదువుతారు కాబట్టి దెబ్బ అంచులోనే ఉంది. లైటుకు అడ్డం పెడితే అక్కడ సూదిమొనంత చిల్లులు కనిపిస్తున్నాయి. లేబుల్ కిందున్న అల్యూమినియం పొరను చెమ్మ తినేసినట్టుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడిచాను. సినిమా ఉండే ఎంపీఈజీఏవీ (MPEGAV) ఫోల్డర్లోని .DAT ఫైల్‌ను మామూలుగా కాపీ చేస్తే ఎర్రర్. సీడీలను కాపీ చేసే సీడీఆర్‌డావో (cdrdao) ప్రోగ్రామ్‌లో, డేటాను ఉన్నదున్నట్టు తీసే రీడ్-రా పెట్టి, వేగం 4ఎక్స్‌కు తగ్గించి 2352 బైట్ల సెక్టార్లు (సీడీలో డేటా ఉండే చిన్న ముక్కలు) తీశాను. ల్యాప్‌టాప్ డ్రైవ్ కంటే పాత డెస్క్‌టాప్ డ్రైవ్ మరో 3 నిమిషాలు ఎక్కువ చదివింది, అంతే. వీసీడీ వీడియో సెక్టార్లకు డేటా సీడీలకుండే అదనపు ఎర్రర్ కరెక్షన్ (చదవడంలో వచ్చే తప్పులను సరిదిద్దే ఏర్పాటు) లేకపోవడమే పెద్ద చిక్కు.

ఇలా అంచు తినేసిన వీసీడీల నుంచి మిగతా సెక్టార్లను మీలో ఎవరైనా రాబట్టి ఉంటే, ఏ డ్రైవ్‌తో, ఏ సెట్టింగ్‌తో సాధ్యమైంది?