అప్పీల్ తేలకముందే రెండోసారి బెయిల్ అడగొచ్చా?

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. పొలం గట్టు గొడవలో ఒకాయన చనిపోతే, మా బావకు నల్గొండ సెషన్స్ కోర్టు ఐపీసీ 302 (హత్య) కింద యావజ్జీవం వేసింది. ఇప్పుడు చర్లపల్లి జైల్లో ఉన్నాడు. హైకోర్టులో అప్పీల్ నంబరైతే అయింది గానీ విచారణకు రావడం లేదు.

శిక్ష నిలిపేసి బెయిల్ ఇవ్వమని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 389 సెక్షన్ కింద (ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 430) ఒకసారి పిటిషన్ వేశాం. జడ్జీలు ఒప్పుకునేలా లేరని మా వకీలే వెనక్కి తీసుకున్నారు. ఆర్డర్‌లో ఉన్నది ఒక్క ముక్క: 'విత్‌డ్రా చేసుకున్నందున డిస్మిస్'. దీన్ని కొట్టేసినట్టే లెక్కేస్తారా? మళ్లీ వేయాలంటే పరిస్థితి మారినట్టు చూపాలంటున్నారు. అప్పీల్ ఏళ్ల తరబడి కదలకపోవడం, జైల్లో మంచి నడవడిక సరిపోతాయా?

యావజ్జీవం పడ్డవాళ్లు ఐదేళ్లు జైల్లో ఉంటే, కొన్ని రకాల కేసులు తప్ప, బెయిల్ ఇవ్వొచ్చని ఉమ్మడి హైకోర్టు 2016లో చెప్పిందట. ఆ ఐదేళ్లలో శిక్షకు ముందున్న రిమాండ్ కాలం కలుస్తుందా? మా లెక్కంతా దాని మీదే ఉంది.

బెయిల్ పక్కనపెట్టి అప్పీలే త్వరగా వినమని అడగడం మేలంటారా? అక్క టెన్షన్ చూడలేకపోతున్నాం. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.