ల్యాప్‌టాప్ హోరు, వేడి: ఫ్యాన్ మార్చే ముందు ఏమి చూడాలి?

ప్రశ్న (తిరుపతి, కొర్లగుంట)
నమస్కారమండి. నేను పరిశోధక విద్యార్థినిని. నాలుగేళ్ల క్రితం కొన్న నా ల్యాప్‌టాప్, రోహిణి కార్తె మొదలైనప్పటి నుండి, తెరిచిన పది నిమిషాలకే హోరుమంటూ, కీబోర్డు మీద వేళ్లు ఆనించలేనంతగా కాలుతోంది. మాది మిద్దె మీది గది. మంచం మీద పెట్టుకుని సిద్ధాంత గ్రంథం టైపు చేసుకుంటాను. దుకాణంలో చూపిస్తే ఫ్యాన్ మార్చాలని, మార్చినా తగ్గుతుందని చెప్పలేమని అన్నారు. అంత ఖర్చుకు ముందు నేను స్వయంగా చూసుకోదగినది ఏమైనా ఉందా?

జవాబు 1 (చిత్తూరు)
అమ్మా, ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఫ్యాన్ హోరెత్తుతున్నప్పుడు గాలి బయటికి వచ్చే సందు దగ్గర అరచేయి పెట్టండి. గాలి బలంగా, వేడిగా తగిలితే దారి బాగానే ఉంది, ప్రాసెసర్‌కే పని ఎక్కువైందని అర్థం. శబ్దం అంత ఉన్నా గాలి సన్నగా వస్తుంటే, ప్రాసెసర్ వేడిని మోసుకొచ్చే రాగి గొట్టం చివరనున్న పలుచని రేకుల మధ్య దుమ్ము పేరుకుని అడ్డుపడిందన్నమాట. అప్పుడు కొత్త ఫ్యాన్ వేసినా గాలి ఆ దుమ్ము దగ్గరే ఆగిపోతుంది. నాలుగేళ్లుగా విప్పని యంత్రం కాబట్టి నా అనుమానం దుమ్ము మీదే. శుభ్రం చేసేవారు యంత్రాన్ని ఆపి, బ్యాటరీ కనెక్టర్ తీసి, రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని గాలి కొట్టాలి. వదిలేస్తే అతివేగంగా తిరిగి బేరింగ్ పాడయ్యే ప్రమాదముంది. ఎలాగూ విప్పుతారు గనుక, ఎండిపోయిన థర్మల్ పేస్టును (ప్రాసెసర్ వేడిని ఆ గొట్టానికి చేరవేసే పూత) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది వేయమనండి. మంచం మీద మాత్రం ఇక పెట్టకండి. చాలా ల్యాప్‌టాప్‌లు అడుగు రంధ్రాల నుండే చల్లగాలి పీల్చుకుంటాయి, పరుపు వాటిని మూసేస్తుంది.

జవాబు 2 (తిరుపతి)
పై సలహా సరైనదే. దానితోపాటు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను ఎక్కువగా వాడుతోందో చూడండి. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి కనిపిస్తే 100 నుండి 99 శాతానికి తగ్గించండి. చాలా యంత్రాల్లో టర్బో వేగం (ప్రాసెసర్ అవసరాన్ని బట్టి మామూలుకన్నా పెంచుకునే వేగం) ఆగి వేడి తగ్గుతుంది, టైపు పనికి ఆ తేడా తెలియదు. చాలా కంపెనీలు పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటకూడదంటాయి. మన ఊళ్లో ఈ ఎండలకు 40 దాటుతుంది కాబట్టి, బరువైన పనులు తెల్లవారుజామున పెట్టుకోవడం మేలు. అడుగున తడిగుడ్డ, ఐసు పెట్టే ఆలోచన మాత్రం వద్దు, తేమ లోపలికి చేరుతుంది.

ప్రశ్న అడిగినవారు
అరచేయి పెట్టి చూశాను. హోరే తప్ప గాలి దాదాపు లేదు. మరొకచోట నా ముందే విప్పించగా, రేకుల మీద నుండి దుమ్ము కంబళి ముక్కలా ఊడివచ్చింది. ఫ్యాన్ పాతదే ఉంచారు. ఇప్పుడు టైపు చేస్తుంటే శబ్దమే లేదు, పెద్ద వీడియోలు పెట్టినప్పుడు మాత్రం కాస్త వినిపిస్తోంది. అది ఫరవాలేదా?

జవాబు 1
ఫరవాలేదమ్మా. అప్పుడు కూడా అరచేతికి వేడిగాలి ధారాళంగా తగులుతుంటే, ఫ్యాన్ తన పని తాను చేస్తున్నట్లే.