నటన మీరా సియాల్‌లోని నవలా రచయిత్రిని మింగేసిందా?

గోదావరిగట్టు:
బ్రిటన్‌లో నటిగా, రచయిత్రిగా పేరున్న మీరా సియాల్ నవలలు మూడే. 'అనితా అండ్ మీ' 1996లో, 'లైఫ్ ఈజంట్ ఆల్ హా హా హీ హీ' 1999లో, 'ది హౌస్ ఆఫ్ హిడెన్ మదర్స్' 2015లో వచ్చాయి. చివరి రెండింటి మధ్య 16 ఏళ్లు! తొలి నవలకే బెట్టీ ట్రాస్క్ అవార్డు అందుకున్న మనిషి ఆ కాలమంతా టీవీకీ నాటకాలకూ ధారపోశారు. టీవీ హాస్య కార్యక్రమం 'ది కుమార్స్ ఎట్ నంబర్ 42'లో ఆమె వేసిన బామ్మ వేషానికి బ్రిటన్‌లో ఇంకెవరూ దొరకలేదా? ఇది పాఠకులకు జరిగిన నష్టం.

వాణి_మాటలు:
ఆ 16 ఏళ్లలో ఆమె రాయలేదని ఎవరన్నారు? 2002లో లండన్‌లో ఆడిన 'బాంబే డ్రీమ్స్' సంగీత నాటకానికి రెహమాన్ సంగీతం ఇస్తే, కథాసంభాషణలు మీరా సియాల్‌వి. అదే ఏడాది తన తొలి నవలకు తనే స్క్రీన్‌ప్లే రాశారు. అసలు ఆమె నవల రాయకముందే, 1993లో 'భాజీ ఆన్ ది బీచ్' సినిమా రాశారు. నటనా రచనా మొదటినుంచీ కలిసే నడిచాయి.

పాతపుస్తకం:
ఆమె రాసి నటించిన టీవీ హాస్య కార్యక్రమం 'గుడ్‌నెస్ గ్రేషస్ మీ'లో ఇంగ్లిష్ హోటలుకు వెళ్లిన భారతీయులు, ఉన్నవాటిలో బాగా చప్పగా ఉండేది తెమ్మని అడుగుతారు చూడండి, ఆ ఘట్టం ఎన్నిసార్లు చూసినా నవ్వాగదు.

గోదావరిగట్టు:
వాణి గారూ, నేను నవలల సంగతి అడిగాను. స్క్రీన్‌ప్లే నవల కాదు. 1999 తర్వాత 2015. దీనికి జవాబు చెప్పండి.

వాణి_మాటలు:
'అనితా అండ్ మీ' ఎందుకు బాగుంటుందో ఆలోచించారా? 1960లలో వుల్వర్‌హాంప్టన్ దగ్గరి గనికార్మికుల ఊళ్లో ఏకైక పంజాబీ కుటుంబం. తొమ్మిదేళ్ల మీనా వీధిలో ఆ ప్రాంతపు యాసలో మాట్లాడుతుంది, ఇంట్లో చుట్టాలేమో పంజాబీలో. ఎవరి మాట వాళ్లదే. ఊరి సంబరంలో శామ్ లోబ్రిడ్జ్ అనే ఊరి కుర్రాడు జాతిద్వేషంతో నోరు పారేసుకుంటాడు. అంతవరకూ అతణ్ని మనవాడే అనుకున్న మీనా ఆ క్షణంలో ఎంత ఒంటరిదవుతుందో! అక్కడ పెద్ద వర్ణనేమీ లేదు, అంతా సంభాషణే. పాత్రల గొంతు పట్టుకునే ఆ చెవి నటన నేర్చినవాళ్ల చెవి. నటిని తీసేస్తే ఆ నవలే లేదు.

గోదావరిగట్టు:
చెవి ఉంటే సరిపోదు, కూర్చుని రాసే తీరిక కావాలి. 2012లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ షేక్‌స్పియర్ నాటకం 'మచ్ అడో అబౌట్ నథింగ్'ను ఢిల్లీ నేపథ్యంలో ఆడితే ఆమె బియాట్రిస్ పాత్ర వేశారు. గొప్పగా చేసే ఉంటారు. ఆ శ్రమలో సగం పెడితే నవలలో ఓ అధ్యాయం వచ్చేది. తెర కోసం రాసేది వారం తిరిగేసరికి మరుగున పడుతుంది.

వాణి_మాటలు:
ఈ మాట నాకు కొత్త కాదు. నేను టీవీ సీరియళ్లకు సంభాషణలు రాసి బతికాను. మా ఊళ్లో ఒక సాహిత్య సభవాళ్లు పిలిచి, ఆహ్వానపత్రంలో కవులకూ కథకులకూ 'రచయిత' అని వేసి, నా పేరు కింద 'టీవీ కళాకారిణి' అని వేశారు. వేదిక మీద కుర్చీ కూడా వేయలేదు. మీది కూడా అదే చూపు.

చిత్రలేఖ:
ఇద్దరూ కొంచెం నెమ్మదించండి.

గోదావరిగట్టు:
ఆ సభతో నాకేమిటి సంబంధం? మా అక్క కథలు రాసేది. పత్రికల్లో వచ్చేవి, ఉత్తరాలు వచ్చేవి. తర్వాత సీరియళ్లలోకి వెళ్లింది. రోజూ పేజీలకు పేజీలు సంభాషణలు. మళ్లీ కథ రాయలేదు. ఆ పని మనిషిని ఎలా పిండేస్తుందో నేను ఇంట్లో చూశాను.

వాణి_మాటలు:
అలా చెప్పండి! అయితే మీ కోపం మీరా సియాల్ మీద కాదు. మీ అక్కగారు నష్టపోయానని ఎప్పుడైనా అన్నారా?

గోదావరిగట్టు:
అనలేదు. అనకపోతే నష్టం లేనట్టేనా? రాయగలిగినవాళ్లు రాయాలి. పాఠకుడికి ఆ మాత్రం అడిగే హక్కుంది.

వాణి_మాటలు:
లేదండీ. మనకు ఎవరూ బాకీ లేరు. ఆడవాళ్లు ఏ పని చేసినా, చేయని ఇంకో పనికి లెక్క అడిగేవాళ్లు తయారుగా ఉంటారు. డబ్బు తెచ్చే పని వదులుకుని ఎదురుచూసే పాఠకుల కోసం రాయమంటే ఇల్లెలా గడుస్తుంది?

గోదావరిగట్టు:
మగవాళ్లయినా ఇదే అడుగుతాను.

చిత్రలేఖ:
మూడో నవల చదివినవాళ్లు లేరా ఇక్కడ? లండన్‌లో పార్లర్ నడిపే శ్యామ బిడ్డ కోసం మాల అనే పల్లెటూరి స్త్రీ గర్భాన్ని అద్దెకు తీసుకోవడమే కథ. మనదేశంలో వ్యాపార సరోగసీని నిషేధిస్తూ 2021లో చట్టం వచ్చింది, నవల అంతకుముందే వచ్చింది. మాల వైపు నుంచి రాసిన భాగాలు నన్ను బాగా కుదిపాయి. ఢిల్లీ ఫ్లాట్ కోసం శ్యామ తల్లిదండ్రులు బంధువులతో పడే పాట్లు కూడా.

గోదావరిగట్టు:
చదివాను. మాల భాగాలు మూడు నవలల్లోనూ ఉత్తమం. అందుకే ఇంకా రాయాలంటున్నాను.

వాణి_మాటలు:
రాస్తే చదువుతాం. రాయకపోతే సంజాయిషీ అడగం. నేను ఇక్కడే నిలబడతాను.