పాపని హెప్టాథ్లాన్‌లో పెట్టాలా, ఒక్క ఈవెంట్ మీదే ఉంచాలా? (గుంటూరు)

బ్రాడీపేట_నాన్న:
నమస్తే అండి. మా పాప గుంటూరులో టెన్త్ చదువుతుంది. ఇన్నాళ్లూ లాంగ్ జంప్, హర్డిల్స్ చేసేది, జిల్లా మీట్స్‌లో మెడల్స్ కూడా వచ్చాయి. ఇప్పుడు వాళ్ల కోచ్ హెప్టాథ్లాన్‌లో పెడదాం అంటున్నారు, అంటే రెండు రోజుల్లో ఏడు ఈవెంట్లంట, షాట్‌పుట్, జావెలిన్ కూడా ఉంటాయి, ఆఖర్లో 800 మీటర్లు. పిల్ల సన్నగా ఉంటుంది, గుండు వెయ్యడం తన వల్ల అవుతుందా అని నాకు భయం. మా బావమరిదేమో ఏడింట్లో తిప్పితే దేంట్లోనూ పైకి రాదు, ఒకటి గట్టిగా పట్టుకోమను బావా అంటున్నాడు. మా ఆవిడ వచ్చే ఏడాది ఇంటర్ కదా, గ్రౌండ్ మానిపించి ఎంపీసీలో వేద్దామంటుంది. పాప మాత్రం కోచ్ మాట మీదే ఉంది. ఇందులో మన ఆడపిల్లలకి కెరీర్ ఉందా, తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_హర్డిలర్:
అన్నా, నేను యూనివర్సిటీలో హర్డిల్స్, హెప్టాథ్లాన్ రెండూ చేశాను. మీ బావమరిది గారి మాట పట్టుకోకండి. అంజూ బాబీ జార్జ్ మొదలుపెట్టింది హెప్టాథ్లాన్‌తోనే, తర్వాత లాంగ్ జంప్‌కి వచ్చి 2003లో పారిస్ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో 6.70 మీటర్లు దూకి బ్రాంజ్ తెచ్చింది. మన నందిని అగసరది దానికి రివర్స్, 2021లో నైరోబీ అండర్ 20 వరల్డ్స్‌లో హర్డిల్స్ సెమీస్ దాకా వెళ్లింది, తర్వాత హెప్టాథ్లాన్‌లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ బ్రాంజ్, 2025లో గుమి ఏషియన్ ఛాంపియన్‌షిప్స్‌లో 5941 పాయింట్లతో గోల్డ్ (ఒక్కో ఈవెంట్‌కి వచ్చిన పాయింట్లన్నీ కలిపి లెక్కేస్తారు). వాళ్ల నాన్నది టీ కొట్టు, తెలంగాణ గురుకులంలో చదువుకున్న పిల్ల. అమెరికా అథ్లెట్ జాకీ జాయ్‌నర్ కెర్సీ అయితే 1988 సియోల్‌లో హెప్టాథ్లాన్ గోల్డ్ కొట్టి, అక్కడే లాంగ్ జంప్ గోల్డ్ కూడా కొట్టింది, ఆవిడ 7291 పాయింట్లు ఇప్పటికీ వరల్డ్ రికార్డే. అంటే లాంగ్ జంప్, హర్డిల్స్ ఉన్న పిల్లకి ఇదేమీ వేరే దారి కాదు, ఏడింట్లో రెండు చేతిలో పెట్టుకుని వస్తుంది.

ఉద్యోగం సంగతి కూడా అడుగుతారు కదా, హెప్టాథ్లాన్ చేసిన జె.జె. శోభ గారి గురించి చదవండి. పుట్టింది ధార్వాడ్ వైపు, కానీ సికింద్రాబాద్‌లో ఉండి సౌత్ సెంట్రల్ రైల్వే ఉద్యోగం చేస్తూ ఆడారు. 2003 హైదరాబాద్ ఆఫ్రో ఏషియన్ గేమ్స్‌లో చీలమండ దెబ్బతింటే కట్టు కట్టించుకుని మరీ 800 పరిగెత్తి గోల్డ్ గెలిచారు. తర్వాతి ఏడాది 6211 పాయింట్లతో నేషనల్ రికార్డ్, ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 11వ ప్లేస్. ఇంత చేసిన ఆవిడ పేరు మన గ్రౌండ్స్‌లో పిల్లలకి తెలీదంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పాయింట్ల_పిచ్చి:
సన్నగా ఉందని భయపడకండి, ఇక్కడ లెక్క వేరే ఉంటుంది. గుండు 11 మీటర్లు వేసేవాళ్లకీ 12 వేసేవాళ్లకీ తేడా దాదాపు 66 పాయింట్లే. హైజంప్‌లో బార్ 3 సెంటీమీటర్ల చొప్పున పెంచుతారు, రెండు బార్లు ఎక్కువ దాటితే ఆ తేడా మొత్తం వచ్చేస్తుంది. హర్డిల్స్‌లో సెకనులో పదో వంతు తగ్గినా 14 దాకా వస్తాయి. 800లో ఒక్క సెకను కూడా సుమారు అంతే. హాంగ్‌జౌలో నందినికి 5712, నాలుగో ప్లేస్ వచ్చిన స్వప్న బర్మన్‌కి 5708, అంటే ఆ నాలుగు పాయింట్లు 800లో అర సెకను కూడా కాదు! స్వప్న అంతకుముందు 2018 జకార్తాలో 6026తో గోల్డ్ కొట్టిన అమ్మాయి, పంటి నొప్పికి దవడకి టేప్ వేసుకుని పోటీ చేసింది, రెండు కాళ్లకీ ఆరేసి వేళ్లు ఉండటంతో మామూలు షూస్ నొప్పి పెట్టేవి. ఆమె పాత వీడియోలు ఉంటే పాపకి తప్పకుండా చూపించండి.

తెనాలి_పీఈటీ:
పై ఇద్దరూ బాగా చెప్పారు, నేను ప్రాక్టికల్ సంగతులు చెప్తాను. అండర్ 18లో ఆడపిల్లలకి గుండు 3 కిలోలే, జావెలిన్ 500 గ్రాములు, హర్డిల్ ఎత్తు కూడా తక్కువ, 76.2 సెంటీమీటర్లు. 4 కిలోలు, 600 గ్రాములు తర్వాత వస్తాయి, అప్పటికి ఒళ్లు బలపడుతుంది. మొదటిరోజు హర్డిల్స్, హైజంప్, షాట్, 200, రెండోరోజు లాంగ్ జంప్, జావెలిన్, 800. లాంగ్ జంప్‌లో మూడే ఛాన్సులు, మూడూ ఫౌల్ అయితే సున్నా, అయినా తర్వాతి ఈవెంట్‌కి వెళ్లొచ్చు. కానీ ఒక్క ఈవెంట్‌కి అసలు దిగకపోతే మొత్తం పోటీలోంచే అవుట్. అందుకే ఒకటి చెడిపోగానే ఏడుస్తూ కూర్చోకుండా తర్వాతదానికి రెడీ అయ్యే పిల్లలే ఇందులో నిలబడతారు, మీ పాప ఓడినరోజు ఇంటికొచ్చి ఎలా ఉంటుందో మీకే బాగా తెలుసు, అది చూసుకోండి.

ఇంకోటి, హీమోగ్లోబిన్ టెస్ట్ చేయించండి సార్. ఈ వయసు ఆడపిల్లలు చాలామంది ఐరన్ తక్కువై అలిసిపోతుంటే మనం బద్ధకం అనుకుంటాం. ఎండాకాలం మన దగ్గర ప్రాక్టీస్ తెల్లవారుజామునే అయిపోవాలి. సిమెంట్ రోడ్డు మీద పరుగులు వద్దు, కాలి ముందు ఎముక నొప్పి అక్కడే మొదలవుతుంది. ఇంటర్ విషయంలో మేడం గారి భయం న్యాయమే, చదువు మానిపించమని ఎవరూ చెప్పరు, కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్ పెట్టి గ్రౌండ్ లేని కాలేజీలో వేశారంటే ఆ రెండేళ్లలో పిల్ల ఆట పోతుంది. అడ్మిషన్‌కి ముందే ప్రాక్టీస్ టైమ్, మీట్స్‌కి లీవు గురించి ప్రిన్సిపాల్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. హర్డిల్స్‌లో పేరు తెచ్చుకున్న జ్యోతి యర్రాజి వైజాగ్ అమ్మాయి, కొన్నాళ్లు మన గుంటూరులోనే ట్రైనింగ్ తీసుకుంది. ఊరు చిన్నదని అనుకోవద్దు.

బ్రాడీపేట_నాన్న:
అందరికీ చాలా థాంక్స్ అండి. ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను, కాలేజీ వాళ్లతో మాట్లాడి చూద్దాం అంది, మానిపించే మాట మళ్లీ ఎత్తలేదు. ఒక్క డౌట్, ఏడు ఈవెంట్లకి ఏడు రకాల షూస్ కొనాలా?

బెజవాడ_హర్డిలర్:
అస్సలొద్దన్నా! ఇప్పటికి మంచి స్ప్రింట్ స్పైక్స్ ఒక జత చాలు, హర్డిల్స్, 200, లాంగ్ జంప్, 800 వాటితోనే లాగించొచ్చు, గుండుకి అడుగు చదునుగా ఉన్న మామూలు షూ. హైజంప్, జావెలిన్ షూస్ ఖరీదు, కోచ్ అవసరం అన్నప్పుడు చూద్దురు. సింథటిక్ ట్రాక్ మీద స్పైక్స్ అడుగున ఉండే పిన్నులు 9 మిల్లీమీటర్లకన్నా పొడుగు ఉంటే ఒప్పుకోరు, హైజంప్, జావెలిన్‌కి మాత్రం 12 దాకా. మట్టి ట్రాక్‌కి పొడుగువి వేరే సెట్ కొని, ఆ పిన్నులు తిప్పి బిగించే తాళంతో పాటు బ్యాగ్‌లో పెట్టండి.