సమస్య: “కథను జెప్పినవానికే గాదె సున్న”

నిర్వాహకుడు, నల్లగొండ: ఈసారి సమస్యగ తేటగీతి పద్యం చివరి పాదం ఇచ్చిన, పై మూడు పాదాలు మీరు పూరించాలె. విషయం పరీక్షల పద్య విశ్లేషణ వ్యాసం. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పిల్లలు చదువుతరు కాబట్టి విమర్శ చేసేవాళ్లు ఛందస్సుతో ఆగొద్దు, వ్యాసం సంగతి కూడా చెప్పాలె.

దేవరకొండ పూరణ:

ప్రశ్న యడిగిన దేమియో పట్టకుండ
పద్య మల్లిన తీరును బక్కనుంచి
కరియు మకరియు పోరిన గాథ నింపి
కథను జెప్పినవానికే గాదె సున్న

వనపర్తి: ధార మంచిగుంది సారూ. గాథ, కథ వెంటవెంటనే పడి పునరుక్తి అయింది. “పోరిన గతినె పరచి” అంటే యతి (పాదం మొదటి అక్షరంతో నడుమ అక్షరం కలవడం) చెడదు, దోషం పోతది.

ఉదాహరణ మాత్రం సరైనది పట్టిన్రు. పోతన “లావొక్కింతయు లేదు” పద్యం ఇస్తే చాలామంది గజేంద్రుడి పూర్వజన్మ కాడ మొదలుపెడ్తరు. సందర్భానికి రెండు వాక్యాలు చాలు. చూడాల్సింది క్రియలను. లేదు, విలోలంబయ్యె, దప్పెను, వచ్చె, డస్సెన్, శ్రమంబయ్యెడిన్: మొదటి రెండు పాదాల్లోనే ఆరు పొట్టి వాక్యాలు. ఈ పద్యం ఛందస్సు శార్దూలం, పాదానికి 19 అక్షరాలు. అంత పొడుగు పాదాన్ని కవి ముక్కలు ముక్కలుగ తెంపిండు, అందుకే చదువుతుంటే ఏనుగు రొప్పు వినిపిస్తది. మూడో పాదం “నీవే తప్ప”తో మాట తన ఒంటి మీంచి దేవుని వైపు మళ్లుతది. నాలుగో పాదంల అన్నీ వేడికోళ్లే. “బలం సడలిన క్రమాన్ని వాక్యాల విరుపే చూపిస్తుంది” అని మొదటి పేరాలనే రాస్తే అది వాదం. “ఈ పద్యం భక్తిరస భరితం” అనేది వాదం కాదు, దాన్ని ఏ పద్యానికైనా అంటించొచ్చు.

మిర్యాలగూడ పూరణ:

వాద మొక్కటి ముందుగా వ్రాయకుండ
పద్యపాదము నొక్కటి చూపకుండ
గడువు ముగిసిన దాకను గవిని బొగడి
కథను జెప్పినవానికే గాదె సున్న

పాలమూరు: అక్కా, రెండో పాదంల యతి తప్పింది. ‘ప’కు ‘చూ’ కుదరదు. “పట్టకుండ” అని మార్చండి.

పాదం చూపాలన్న మాట నిజమే గాని పద్యం మొత్తం ఎక్కించొద్దు. నాలుగైదు మాటలు ఎత్తి, వాటి కింద కనీసం మూడు వాక్యాల వివరణ రాయాలె. అలంకారం పేరు రాసి వదిలేస్తే లాభం లేదు, అది అక్కడ ఏం పని చేసిందో చెప్పాలె. తెలంగాణ కవుల పద్యాల సంకలనం ‘గోలకొండ కవుల సంచిక’ మీద ప్రశ్నొచ్చినా ఇదే తంతు: 1934, సురవరం ప్రతాపరెడ్డి, 354 మంది కవులు అని పేజీ నింపి, అందులోని పద్యం ఒక్కటీ ముట్టుకోరు.

వ్యాసానికి 45 నిమిషాలు దొరికితే ఐదు పద్యం రెండుసార్లు చదవడానికి, ఐదు మూడు అంశాల చిత్తుకు, ముప్పై రాతకు, మిగిలిన ఐదు దిద్దుకోవడానికి. చిత్తు ఎగ్గొడితే మూడో అంశం కాడికి వచ్చేసరికి మొదటిదే తిరిగి రాస్తరు.

గద్వాల పూరణ:

కథ నెఱుంగును దిద్దెడు ఘనుఁడు మున్నె
ఎందు కా పద మచటనో యెఱుఁగఁ గోరు
దాని విప్పక తాత్పర్య ధారతోడ
కథను జెప్పినవానికే గాదె సున్న

నిర్వాహకుడు: యతి, గణాలు అన్నీ శుద్ధం. సమస్యలోని విరోధానికి కారణం మొదటి పాదంలనే చెప్పిన్రు. దిద్దేటాయనకు కథ తెల్సు, మనం ఆ పద్యాన్ని ఎట్ల చదివినమో తెల్వదు. ఈసారికి ఇదే మేటి పూరణ. రెండో పాదాన్ని పిల్లలు చిత్తుకాగితం పైన రాసుకోని ప్రతి పేరాకూ అదే ప్రశ్న వేసుకోవాలె.