మెడలో బిళ్ళ కడితే ఏమని రాయాలి?

పిల్లల డాక్టరుగారి కోసం ఒక కరపత్రం తెలుగులో రాస్తున్నాను. మెడలో లింఫ్ గ్రంథులు ఇన్ఫెక్షన్‌తో వాస్తే ఏం చేయాలన్నది విషయం. పాఠ్యపుస్తకంలోని 'శోషరస కణుపులు' వాడి మా అత్తయ్యకు చదివి వినిపిస్తే, "శోష వచ్చి పడిపోతారా?" అన్నారు. 'గవదబిళ్ళలు' అనేస్తే సరిపోతుందా?

— వద్దండీ, అది వేరే జబ్బు. గవదబిళ్ళల్లో వాచేది చెవి ముందుండే లాలాజల గ్రంథి. వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ పనిచేయదు. వాపు దవడ మూలను కప్పేస్తుంది. మీరు చెప్పేదానికి మన ఇళ్ళలో మాట ఉండనే ఉంది: బిళ్ళ కట్టడం. కాలి పుండు చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటాం కదా, మెడలోనూ అదే. పేలు పట్టి తల గోక్కుని మా అమ్మాయి పుండు చేసుకుంది. మర్నాటికి చెవి వెనక చింతగింజంత బిళ్ళ! పుండు ఒకచోట, బిళ్ళ ఇంకోచోట. 'కణుపు' అంటే నాకు చెరకు గుర్తొస్తుంది తప్ప ఇది కాదు.

— 'పండడం' కూడా వదలకండి. బిళ్ళ ఎర్రగా, వేడిగా ఉండి ముట్టుకుంటే పిల్ల ఏడుస్తుంటే సాధారణంగా యాంటీబయాటిక్ ఇస్తారు. రెండు రోజుల్లో తగ్గినట్టున్నా కోర్సు మధ్యలో ఆపకూడదు. మెత్తబడి లోపల చీము ఆడుతుంటే గడ్డ పండినట్టే. అప్పుడు మందు ఒక్కటే చాలదు, డాక్టరే చీము తీయాలి. సున్నం, బెల్లం పట్టు వేయడం, ఇంట్లో పిండడం వద్దని పెద్ద అక్షరాల్లో వేయండి. మింగలేకపోతున్నా, ఊపిరి కష్టమైనా వెంటనే ఆసుపత్రికే.

— 'గండమాల' మాటేమిటి? మా తాతయ్య మెడలో ఏ గడ్డ కనిపించినా అదే అనేవారు.

— గండమాల అంటే బిళ్ళలు దండలా వరసకట్టడం. ఎక్కువగా క్షయ వల్ల వచ్చేదాన్నే అంటారు. పెద్దగా నొప్పి ఉండదు, వారాలైనా తగ్గదు. సూదితో తీసి పరీక్ష చేస్తారు, క్షయ అని తేలితే మామూలుగా ఆరు నెలల మందులు. రెండు రోజుల బిళ్ళకు ఆ పేరు పెట్టి తల్లిని హడలెత్తించకండి.

— సరే, 'మెడలో బిళ్ళ కట్టిందా?' అనే శీర్షిక పెడుతున్నా. కింద 'పూటకో బిళ్ళ' అని రాసి కొట్టేశా. మందుకు 'మాత్ర' అనే ఉంచాను.